ఊలు తోరణాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నా, రేటు ఎట్లా పెట్టాలో అర్థం కావడం లేదు

హనుమకొండ_తోరణం
నాలుగు నెలల నుంచి ఇంట్లోనే ఊలు తోరణాలు, పోట్లీ సంచులు చేసి ఇన్‌స్టాలో, వాట్సాప్‌లో అమ్ముతున్నా. అల్లిక మా అత్తమ్మ నేర్పింది, ఆమె చేతి తోరణం మా గుమ్మానికి పదహారేళ్ల నుంచి ఉంది, ఇప్పటికీ రంగు పోలేదు. మొదట చుట్టాలకు, ఇరుగుపొరుగుకు ఇచ్చా, అందరూ బాగుందంటే ధైర్యం చేసి పేజీ తెరిచా. ఇప్పటికి 38 ఆర్డర్లు వచ్చాయి. వినడానికి బాగానే ఉంది కానీ చేతిలో పైసలు కనిపించడం లేదు. నెలాఖరుకు డబ్బా తెరిస్తే మళ్లీ ఊలు కొనడానికి కూడా సరిపోవడం లేదు. రేటు పెంచితే ఆర్డర్లు ఆగిపోతాయని భయం. 450కి పెట్టిన తోరణాన్ని 300కి ఇస్తావా అని రోజుకు ఇద్దరు అడుగుతారు. 38లో 23 క్యాష్ ఆన్ డెలివరీ, అందులో 11 వెనక్కి వచ్చాయి. పెద్ద యాప్‌లలో పెడితే జీఎస్టీ కావాలంటున్నారు. మా ఆయన "నీ ఇష్టం, కానీ ఆరు నెలలు చూసి ఆపెయ్" అన్నారు. ఇంకా రెండు నెలలే ఉన్నాయి. అనుభవం ఉన్నవాళ్లు కొంచెం చెప్పండి, మస్తు టెన్షన్‌గా ఉంది.

కాజీపేట_జంక్షన్
ముందు ఆ క్యాష్ ఆన్ డెలివరీ బంద్ చెయ్ అక్కా. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

లెక్కల_కాగితం
రేటు సంగతి తర్వాత, ఖర్చు సంగతి చెప్పమ్మా. ఒక్క తోరణానికి ఊలు ఎంత, పూసలు ఎంత, అట్ట ఎంత, కొరియర్ ఎంత? అన్నిటికన్నా ముఖ్యంగా ఎన్ని గంటలు పడుతుంది? ఉజ్జాయింపుగా వద్దు, ఒక తోరణం చేసేటప్పుడు గడియారం ముందు పెట్టుకుని రాసుకో.

భద్రకాళి_కట్ట
38లో 11 వెనక్కి వచ్చాయంటే గుండె కలుక్కుమంది. నావి మొదటి నెలలో 9కి 4 వచ్చాయి. ఒక పార్శిల్ అయితే నలిగిపోయి, ఎవరో విప్పి చూసి మళ్లీ అంటించి పంపారు. రాత్రంతా ఏడ్చా.

హనుమకొండ_తోరణం
లెక్కల_కాగితం గారూ, నిన్న రాసుకున్నా. మూడున్నర అడుగుల తోరణానికి ఊలు 90, పూసలు, గవ్వలు 60, అద్దాలు 30, వెనక కుట్టే గుడ్డ, పట్టీ 40. కొరియర్ 80, కవరు, అట్ట 20. టైం 7 గంటలు పట్టింది, మధ్యలో వంట, పిల్లల బడి తీసేసి లెక్క వేశా. అమ్మేది 450కి, కొరియర్ నేనే పెట్టుకుంటా.

లెక్కల_కాగితం
సామాను 220. కొరియర్, కవరు కలిపి 100. మొత్తం 320. నీకు మిగిలింది 130. దాన్ని 7 గంటలకు పంచితే గంటకు 19 రూపాయలు కూడా లేదు. ఇందులో వెనక్కి వచ్చిన 11 పార్శిళ్ల నష్టం ఇంకా కలపలేదు.

హనుమకొండ_తోరణం
అవి రానూ పోనూ ఒక్కోదానికి 150 పడింది. అంటే 1650.

పరకాల_పత్తి
గంటకు 19 అంటే ఎనిమిది గంటలకు 150. ఉపాధి హామీ కూలి రోజుకు 300 దాటింది. ఎండలో తట్టమోసే పనికన్నా నీ చేతి పని సగం ధరకు పోతుంది చెల్లె. నీ దగ్గర గిరాకీ లేక కాదు, నీ కూలి నువ్వు లెక్క పెట్టుకోకపోవడమే అసలు జబ్బు.

మామూలు_మనిషి
మీరందరూ రేటు పెంచు పెంచు అంటారు గానీ కొనేవాళ్ల వైపు నుంచి కూడా చూడండి. మార్కెట్లో మిషన్ మీద చేసిన తోరణం 150కి దొరుకుతుంది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. 450 అంటేనే ఎక్కువ, 700 అంటే ఎవరు కొంటారు? నాలుగు నెలల కష్టాన్ని కూడా పోగొట్టుకోవద్దని చెప్తున్నా, నిరుత్సాహపరచడానికి కాదు.

నర్సంపేట_మిర్చి
@మామూలు_మనిషి నేను కొనేదాన్నే, నా మాట కూడా వినండి. పోయిన దసరాకు 150 పెట్టి మిషన్ తోరణం కొన్నా, సంక్రాంతికల్లా పూసలు రాలిపోయాయి. మా అమ్మ అల్లింది మాత్రం ఇంకా ఉంది. మంచిది అని నమ్మకం కలిగితే 700 పెట్టడానికి నాలాంటి వాళ్లం ఉన్నాం. కానీ ఫొటో చూస్తే ఏది చేతిది, ఏది మిషన్‌ది అని ఎట్లా తెలుస్తుంది? ఆ తేడా చూపించే బాధ్యత అమ్మేవాళ్లదే.

కొత్తవాడ_మగ్గం
పైన నర్సంపేట చెల్లెలు చెప్పిన మాట మా ఇంట్లో మేం కిందా మీదా పడి నేర్చుకున్నాం, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేస్తాం, షత్రంజీలు అని కూడా అంటారు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అందరికీ సంతోషమే. కానీ గుర్తింపు వచ్చిందని మర్నాడు మగ్గం దగ్గరికి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. మా నాన్న ఎప్పుడూ సరుకు వ్యాపారికి ఇచ్చి, ఆయన ఎంత రాస్తే అంత తీసుకునేవారు. నేను డిగ్రీ అయ్యాక ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టడం మొదలుపెట్టా. మొదటి తప్పు, నేనూ మీలాగే వ్యాపారి ఇచ్చే రేటుకు 50 రూపాయలు కలిపి అదే అమ్మకం ధర అనుకున్నా. నేత కూలి, రంగు, నూలు, మగ్గం మరమ్మతు, మా అమ్మ కండెలు చుట్టే పని, ఇవేవీ అందులో లేవు. కండెలు చుట్టే పని ఇంటి పనే కదా అని ఎవరూ లెక్కపెట్టరు. ఆమె రోజుకు నాలుగు గంటలు కూర్చుంటేనే మగ్గం నడుస్తుంది.

రెండో తప్పు ఫొటోలు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీశా. ఎరుపు నారింజలాగా వచ్చింది. పార్శిల్ అందినవాళ్లు "ఫొటోలో రంగు వేరు" అని తిప్పి పంపారు. ఆ తప్పు నాదే. ఇప్పుడు పొద్దున 8 నుంచి 10 మధ్య తూర్పు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడకుండా తీస్తా. పక్కన తెల్ల కాగితం పెడతా, ఆ కాగితం ఫొటోలో తెల్లగా కనిపిస్తే రంగులు సరిగా వచ్చినట్టే.

మూడోది, మగ్గం మీద చేయి ఆడుతుంటే 20 సెకన్ల వీడియో. అదొక్కటి పెట్టిన రోజు నుంచి "ఇంత రేటా" అనే మెసేజ్‌లు సగానికి తగ్గాయి. మాటల్లో చెప్పలేనిది ఆ పోగు కదిలితే అర్థమవుతుంది. తోరణం అక్కా, మీ అత్తమ్మ చేతులు ఊలు అల్లుతుంటే ఒక్క వీడియో తీయండి. ఆమె ముఖం కనిపించడం ఇష్టం లేకపోతే చేతులు చాలు.

హనుమకొండ_తోరణం
అత్తమ్మకు ఈ మాట చదివి వినిపించా. "నా చేతులు ఎవరు చూస్తార"ని నవ్వింది కానీ, రేపు గోరింట పెట్టుకుంటానంది.

నర్సంపేట_మిర్చి
గోరింట పండాకే వీడియో తీయండి, నేనే మొదట చూస్తా.

మామూలు_మనిషి
వీడియో మాట ఒప్పుకుంటా. కానీ అందరి దగ్గరా పని చేయదు. మా చెల్లె సిల్క్ దారం గాజులు చేసేది, రోజూ వీడియోలు పెట్టింది, లైకులు వేలల్లో, ఆర్డర్లు పదుల్లో. వీడియోలు తీయడానికి పోయే టైం కూడా గంటల్లోనే లెక్క వేయాలి కదా?

లెక్కల_కాగితం
ఇది సరైన మాట. వీడియో, ప్యాకింగ్, పోస్టాఫీసుకు పోయి రావడం, మెసేజ్‌లకు జవాబులు, అన్నీ పనిగంటలే. వారానికి మొత్తం ఎన్ని గంటలో రాసి, ఆ వారం పంపిన పార్శిళ్లకు పంచండి. చాలామందికి ఒక్కో పార్శిల్‌కు అల్లిక కాకుండా ఇంకో గంట తేలుతుంది.

భద్రకాళి_కట్ట
చుట్టాల మాట ఎవరూ ఎత్తలేదు. "మనోళ్లమే కదా, నీకు సామాను ఖర్చు ఇస్తాం" అంటారు. మా చిన్నమ్మ కూతురి పెళ్లికి 60 పసుపు కుంకుమ సంచులు సామాను ఖర్చుకే కుట్టిచ్చా. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో బయటి ఆర్డర్లు రెండు వదులుకున్నా. పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు, తర్వాత ఆ మెచ్చుకున్నవాళ్లే అదే రేటుకు కావాలన్నారు. చుట్టాలకు ఇవ్వదలచుకుంటే ఒకటి ఉచితంగా కానుకగా ఇవ్వండి, సగం ధరకు మాత్రం అమ్మకండి. సగం ధర ఊరంతా తెలిసిపోతుంది.

పరకాల_పత్తి
ఇది ఫ్రేమ్ కట్టి గోడకు పెట్టాల్సిన మాట.

జమ్మికుంట_జాతర
క్యాష్ ఆన్ డెలివరీ ఆపేయమన్న కాజీపేట అన్నతో నేను ఒప్పుకోను. మన వైపు కొత్త పేజీకి ముందే డబ్బు కొట్టమంటే ఎవరు కొడతారు? డబ్బు తీసుకుని బ్లాక్ చేసిన పేజీలు ఎన్ని చూశాం. నేను జనపనార సంచులు అమ్ముతా, ఆపేసిన నెల నా ఆర్డర్లు మూడో వంతుకు పడిపోయాయి.

కాజీపేట_జంక్షన్
పడిపోయిన ఆర్డర్లలో ఎన్ని వెనక్కి వచ్చేవో చెప్పు తమ్మీ. నేను ఆరు నెలలు రాసి పెట్టా. ఆపాక ఆర్డర్లు తగ్గాయి, చేతికి వచ్చే పైసలు పెరిగాయి. ఇవ్వని డబ్బు కోసం తిరిగే పార్శిల్ కన్నా రాని ఆర్డరే నయం.

జమ్మికుంట_జాతర
నీ దగ్గర పాత గిరాకీ ఉంది కాబట్టి నడిచింది. ఈ అక్కకు నాలుగు నెలలే.

పెంబర్తి_ఇత్తడి
ఇద్దరూ కొట్టుకోకండి, మధ్య దారి ఉంది. 100 రూపాయలు అడ్వాన్సు యూపీఐలో, మిగతాది చేతికి అందాక. 100 కట్టినవాళ్లు పార్శిల్ తిప్పి పంపరు. నా దగ్గర ఏడాదిలో రెండే వచ్చాయి, అవి కూడా ఇల్లు మారినవాళ్లవి. పేరు చెక్కించే ఆర్డరైతే సగం డబ్బు ముందే తీసుకుంటా. వేరేవాళ్ల పేరు చెక్కిన చెంబు ఇంకెవరికి అమ్మాలి?

కాజీపేట_జంక్షన్
100 అడ్వాన్సుకు నేనూ ఓకే.

జమ్మికుంట_జాతర
నేను కూడా. రేపటి నుంచి అదే.

మంచిర్యాల_బొగ్గు
అడ్వాన్సు అంటున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మా అక్కకు ఒకడు ఫోన్ చేసి, సైన్యంలో పనిచేస్తానని, 20 బొమ్మలు కావాలని, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ పంపుతా స్కాన్ చేసి పిన్ కొట్టమని చెప్పాడు. కొట్టింది. 8,000 పోయాయి. డబ్బు రావడానికి స్కాన్ చేయనక్కరలేదు, పిన్ అసలే కొట్టనక్కరలేదు. పిన్ కొడితే పోయేది మనవే. అట్లా జరిగితే ఒక్క నిమిషం ఆగకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఇంకోటి, డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ పెడతారు, అది చూసి పార్శిల్ కట్టొద్దు. మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకుని కట్టండి.

భద్రకాళి_కట్ట
ఆ స్క్రీన్‌షాట్ దెబ్బ నాకూ తగిలింది. అందరికీ చెప్పండి ఇది.

తపాలా_సంచి
కొరియర్ 80 అని రాశారు కదా, దాంట్లో తగ్గించుకోవచ్చు. మీరు అట్టపెట్టెలో పంపుతున్నారా?

హనుమకొండ_తోరణం
అవును, నలగకుండా ఉంటుందని పెద్ద డబ్బాలో పెడుతున్నా.

తపాలా_సంచి
అక్కడే పోతున్నాయి పైసలు. కొరియర్‌వాళ్లు బరువు ఒక్కటే చూడరు, డబ్బా ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది వాళ్ల లెక్కలో కిలోలు. అసలు బరువు, ఈ బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. 40, 30, 10 డబ్బా అనుకోండి, 12000ని 5000తో భాగిస్తే 2.4 కిలోలు. మీ తోరణం అరకిలో కూడా ఉండదు. గాలికి డబ్బు కడుతున్నారు. ఊలు విరగదు కదా, మెత్తగా చుట్టి, అద్దాలు లోపలికి వచ్చేట్టు మడిచి, ముందు పల్చని ప్లాస్టిక్ కవరు, పైన గట్టి కొరియర్ సంచి. 30, 20, 5లో పట్టిందంటే 0.6 కిలో. వానాకాలం లోపలి ప్లాస్టిక్ కవరు మాత్రం మరిచిపోవద్దు, తడిసిన ఊలు వాసన పడుతుంది.

హనుమకొండ_తోరణం
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలలు గాలి మోయించా.

చేర్యాల_రంగు
ఊలుకు సంచి సరిపోతుంది, మా చేర్యాల నకాషి కళలో చేసే మాస్కులకు (ముఖాల బొమ్మలకు) మాత్రం డబ్బా తప్పదు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేస్తాం, మూల తగిలితే పెచ్చు ఊడుతుంది. బొమ్మలు వేసిన పటాలైతే గొట్టంలో చుట్టి పంపుతాం, ఖాదీ గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి పూతలు ఉంటాయి కాబట్టి గట్టిగా మడిస్తే పగుళ్లు వస్తాయి. ఎవరైనా పెయింటింగ్ రకాలు మొదలుపెడితే గొట్టం ఖర్చు ముందే ధరలో కలపండి.

మా దగ్గర అసలు బాధ నకళ్లు. మా బొమ్మ ఫొటో తీసుకుని బట్ట మీద ప్రింట్ కొట్టి, చేర్యాల అని పేరు పెట్టి మూడో వంతు ధరకు అమ్ముతున్నారు. కొన్నవాళ్లకు తేడా తెలియదు. ప్రింట్‌కు వెనక వైపు శుభ్రంగా ఉంటుంది, చేత్తో వేసినదానికి గీత మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, దగ్గరగా చూస్తే కుంచె ఆగిన చోటు కనిపిస్తుంది. నేను ఇప్పుడు ప్రతి ఫొటో పక్కన వెనక వైపు ఫొటో కూడా పెడతా.

కొత్తవాడ_మగ్గం
జీఐ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. జీఐ ఉన్న పేరును ఆ ప్రాంతంలో తయారుచేసేవాళ్లు కూడా అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకుని వాడుకోవాలి. మా పక్కింటివాళ్లు కూడా "మన ఊరి పేరే కదా, పెట్టుకుంటే ఏమవుతుంది" అనుకున్నారు. తోరణాలకు జీఐ లేదు కాబట్టి మీకు ఈ బాధ లేదు. కానీ పెంబర్తి ఇత్తడి, చేర్యాల పటం, నిర్మల్ బొమ్మ లాంటి పేర్లు వ్యాపారానికి బాగుంటాయని ఎవరూ ఊరికే తగిలించొద్దు. ఆ పేర్ల మీద బతికే కుటుంబాలు ఉన్నాయి.

నిర్మల్_పొనికి
నూటికి నూరు పాళ్లు. మా ఊళ్లో పొనికి చెక్క తేలిగ్గా, చెక్కడానికి మెత్తగా ఉంటుంది కాబట్టే ఆ బొమ్మలు అట్లా వస్తాయి. ప్లాస్టిక్ మీద రంగు పూసి నిర్మల్ అని అమ్మేవాళ్లను చూస్తే కడుపు మండిపోతుంది.

లెక్కల_కాగితం
జీఎస్టీ అడిగారు, దాని మీద ఊరికే భయపడుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా.

మన తెలంగాణలో వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ (మొత్తం అమ్మకాలు) దాటితేనే నమోదు తప్పనిసరి. చాలా రాష్ట్రాల్లో ఇది 40 లక్షలు, మన దగ్గర 20, కాబట్టి వేరే రాష్ట్రం యూట్యూబ్ వీడియో చూసి 40 అనుకోవద్దు. మీ ఇన్‌స్టా, వాట్సాప్ ద్వారా మీరే రాష్ట్రంలో అమ్ముకుంటే ఈ పరిమితి లోపల ఉన్నంతకాలం నమోదు అక్కరలేదు.

పెద్ద యాప్‌ల మీద అమ్మాలంటే ఒకప్పుడు మొదటి రూపాయి నుంచే జీఎస్టీ నంబరు కావాల్సి వచ్చేది. 2023 అక్టోబర్ 1 నుంచి మార్చారు. పరిమితి లోపల ఉన్న చిన్నవాళ్లు తమ రాష్ట్రంలోపల మాత్రమే అమ్మితే, పాన్ పెట్టి జీఎస్టీ పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. యాప్ ద్వారా వేరే రాష్ట్రాలకు అమ్మాలంటే మాత్రం పూర్తి నమోదు కావాలి.

మీరే నేరుగా వేరే రాష్ట్రానికి పంపితే? మామూలు సరుకైతే రాష్ట్రం దాటితే నమోదు కావాలి. చేతితో చేసిన హస్తకళా వస్తువులకు మాత్రం ప్రత్యేక సడలింపు ఉంది, ఆ 20 లక్షల లోపల నమోదు లేకుండా పంపొచ్చు. పాన్ ఉండాలి, ఇంకా సరుకు విలువ ఎంత చిన్నదైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. ఈ రెండో షరతు చాలామంది మరిచిపోతారు. ఏయే వస్తువులకు ఈ సడలింపు వర్తిస్తుందో జాబితా ఉంది, అందులో మీ వస్తువు ఉందో లేదో చూసుకుని పంపాలి.

నా మాటగా చెప్పేది, ఇప్పుడే యాప్‌ల వెంట పరుగెత్తొద్దు. వాళ్ల కమీషన్, షిప్పింగ్, రిటర్న్ ఖర్చు పోను, నీ 450లో నీకు గంటకు 19 కూడా మిగలదు. ముందు నీ రేటు నిలబడనీ.

జమ్మికుంట_జాతర
ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పరు. ఫోన్‌లో దాచుకున్నా.

గోదావరిఖని_గడప
ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) కూడా చేసుకోండి, బ్యాంకు లోన్‌కు పనికొస్తుంది. కానీ నాలా మోసపోవద్దు. గూగుల్‌లో వెతికితే మొదట వచ్చిన వెబ్‌సైట్‌లో నింపా, 2,500 కట్టించుకున్నారు. ఉద్యం పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని అరగంటలో అయిపోతుంది. గవ్ డాట్ ఇన్‌తో ముగిసే ప్రభుత్వ సైట్‌లోనే చేయాలి. నా డబ్బు తిరిగి రాలేదు.

చేర్యాల_రంగు
దాంతోపాటు చేతిపని చేసేవాళ్లకు కేంద్రం హస్తకళల విభాగం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు ఉంటుంది. మేళాల్లో స్టాల్‌కు, శిక్షణలకు అది అడుగుతారు. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి, బొమ్మల తయారీ, బుట్టలు, చాపలు అల్లేవాళ్లు అందులో ఉన్నారు. పనిముట్లకు 15,000, మొదటి విడత లక్ష రూపాయల లోన్ 5 శాతం వడ్డీకి.

పరకాల_పత్తి
లోన్ మాత్రం లెక్క తేలాకే. నష్టానికి అమ్ముతూ లోన్ తీసుకుంటే నష్టం పెద్దదవుతుంది, అంతే.

శ్రీరాంపూర్_షిఫ్టు
నేను అమ్మేవాణ్ని కాదు, మా ఇంటామె కుట్లు, అల్లికలు చేస్తుంది. మీ ఆయన ఆరు నెలలు అన్నారని చదివి రాయాలనిపించింది. నేనూ అట్లాగే అన్నా ఒకప్పుడు. ఒకరోజు రెండో షిఫ్టు దిగి రాత్రి ఇంటికి వచ్చేసరికి ఆమె మెడ పట్టేసి, గోడకు ఆనుకుని, చేతిలో సూది అట్లాగే పట్టుకుని కూర్చుంది. నా పనికి షిఫ్టు ఉంది, ఆమె పనికి లేదు. అప్పటి నుంచి ఇద్దరం కూర్చుని గంటలు రాస్తున్నాం, రోజుకు నాలుగు గంటలు దాటొద్దని, గంటకోసారి లేవాలని. కింద కూర్చుని అల్లకుండా కుర్చీ, బల్ల, మంచి లైటు కొన్నాం. ఆ లైటు ఖర్చు కూడా ధరలో కలుపుకుంది. మీ ఆయనకు ఈ లెక్క కాగితం చూపించండి అమ్మా, "ఆపెయ్" అన్న మాట "ఎట్లా చేద్దాం" అవుతుంది.

హనుమకొండ_తోరణం
అన్నా, మీ మాట ఆయనకు చదివి వినిపించా. ఏం మాట్లాడలేదు, కానీ పొద్దున పోస్టాఫీసుకు పార్శిళ్లు తనే తీసుకుపోయారు.

నర్సంపేట_మిర్చి
అబ్బ, కళ్లు చెమ్మగిల్లాయి.

పెంబర్తి_ఇత్తడి
ఇంకో దారి చెప్తా. ఒక్కొక్కటి అమ్మడం కన్నా పెళ్లి ఆర్డర్లు పట్టండి. మా ఊరు హైదరాబాద్ వరంగల్ రోడ్డు మీదే కాబట్టి ఆగి చూసి ఫొటో తీసుకుపోతారు, వారం తర్వాత వాట్సాప్‌లో "ఇట్లాంటివి 50 కావాలి" అంటారు. ఒకే రకం 50 చేస్తే చేయి వేగం పెరుగుతుంది, సామాను కూడా ఒక్కసారి కొంటాం. మీ పోట్లీ సంచులు రిటర్న్ గిఫ్టులకు సరిగ్గా సరిపోతాయి. కానీ 50 అనగానే ధర సగం చేయొద్దు, మహా అయితే పదో వంతు తగ్గించండి. మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు, ఆ నెలలకు చేతిలో డబ్బు దాచుకోవాలి.

భద్రకాళి_కట్ట
సీజన్ మాట: శ్రావణంలో వరలక్ష్మి వ్రతం, తర్వాత వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి, గుమ్మం అలంకరణకు ఇదే అసలు కాలం. ఆషాఢంలోనే అల్లి పెట్టుకోవాలి. బతుకమ్మకు అమెరికాకు పంపమనేవాళ్లు ఎంగిలిపూలకు (బతుకమ్మ మొదటి రోజు) రెండు రోజుల ముందు అడుగుతారు, అప్పటికి కుదరదు. నేను నెల ముందే "విదేశాల ఆర్డర్లకు ఆఖరి తేదీ ఇది" అని పెడతా.

హనుమకొండ_తోరణం
వారం తర్వాత వచ్చా. ఏం చేశానో చెప్తా.

గంటకు 60 పెట్టుకున్నా. పెద్ద తోరణం: సామాను 220, 7 గంటలకు 420, సంచి 20, పాడయ్యేవాటికి, వెనక్కి వచ్చేవాటికి 60. మొత్తం 720. ధర 750, పోస్టు ఖర్చు వేరు. అది కొనలేనివాళ్లకు రెండడుగులది చిన్నది అల్లా, మూడు గంటల్లో అయింది, సామాను 120, ధర 350. సంచిలో పంపితే పోస్టు 80 కాదు, బాగా తగ్గింది. 100 అడ్వాన్సు లేకుండా పంపనని పేజీ మీద రాశా. అత్తమ్మ చేతుల వీడియో మొన్న పెట్టా, గోరింట బాగా పండింది.

750 చూసి పాతవాళ్లు ముగ్గురు "ఏంటి ఇంత పెరిగింది" అని అడిగారు. లెక్క మొత్తం వాళ్లకు పంపా, దాచలేదు. ఒకరు కొన్నారు, ఒకరు చిన్నది తీసుకున్నారు, ఒకరు మాట్లాడలేదు. ఈ వారం మొత్తం నాలుగు ఆర్డర్లు. ముందైతే నాలుగు వచ్చినా చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఈసారి డబ్బాలో ఊలు పైసలు పోను నా కూలి కనిపిస్తుంది.

మామూలు_మనిషి
నాలుగు ఆర్డర్లతో నెల గడవదు కదా అని ఇంకా అనిపిస్తుంది నాకు. కానీ లెక్క మాత్రం సరిగా ఉంది, ఒప్పుకుంటున్నా. ఆ 350ది ఒకటి మా ఇంటికి కావాలి, గుమ్మం కొలత మెసేజ్ చేస్తా. చుట్టం ధర వద్దు, పూర్తి ధరే.

పరకాల_పత్తి
@మామూలు_మనిషి అన్నా, నువ్వు కూడా మారిపోయావు.

లెక్కల_కాగితం
ఒక పుస్తకం పెట్టి మూడు నెలలు రాయమ్మా. వారానికి నాలుగు చాలకపోతే అప్పుడు పోట్లీ సంచుల వైపు ఎక్కువ గంటలు పెట్టు, అవి గంటకు ఎంత ఇస్తున్నాయో చూసి.

హనుమకొండ_తోరణం
సంచుల లెక్క ఈ రాత్రికి వేస్తా. ఇంకొక్కటి అడగాలి, శ్రావణానికి ఊలు ఎక్కువ కావాలి, వరంగల్ చౌరస్తాలో కొంటున్నా, హైదరాబాద్ బేగంబజార్‌కు పోతే చార్జీలు పోను మిగులుతుందా?

జమ్మికుంట_జాతర
పది కిలోలు దాటితే మిగులుతుంది, రెండు మూడు కిలోలకు పోవద్దు. పోతే రంగుల ముక్కలు కవరులో పెట్టుకుని పో అక్కా, దుకాణం లైటులో అన్ని ఎరుపులూ ఒకటే అనిపిస్తాయి.

భద్రకాళి_కట్ట
నాకూ ఆరు కిలోలు కావాలి. ఇద్దరం కలిసి పోదామా? ఆదివారం వద్దు, చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

హనుమకొండ_తోరణం
శనివారం పొద్దున బస్సుకు. మెసేజ్ పెట్టా చూడండి.